ఎవరి ఎడమ?

హాస్టల్లో నా పేరు సబ్బు. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది. అది కూడా ఇంటిపేరుతో కలిపి పిలిచేసరికి, ఎవరబ్బా ఈ పిల్ల అని నేనే ఒక్క క్షణం పక్కకి చూసేదాన్ని. సబ్బు అని ఎందుకన్నారో చెప్పాలంటే ముందు నా బుర్ర సంగతి చెప్పాలి.

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో డ్రాయింగ్ అని ఒక పేపరుంటుంది. ఒక వస్తువు ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుంది, పైనుంచి ఎలా ఉంటుంది, పక్క నుంచి ఎలా ఉంటుంది అని మూడు బొమ్మలిస్తారు. మూడూ చదునుగా, గోడకి అంటించిన కాగితాల్లా ఉంటాయి. ఆ మూడింటినీ మనసులో కలుపుకుని, ఆ వస్తువు బల్ల మీద మన ఎదురుగా కూర్చున్నట్టు ఒకే బొమ్మ గియ్యాలి. దాన్ని ఐసోమెట్రిక్ అంటారు. నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, మిగతావి అటు కొన్ని ఇటు కొన్ని ముప్ఫై డిగ్రీల వాలులో లేస్తాయి. ఇంతే. మా డ్రాయింగ్ మాస్టారు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. క్లాసంతా తిన్నారు. నేను తొక్క పట్టుకుని కూర్చున్నాను.

నాకు వస్తువు కనిపించేది కాదు. ఎంతసేపు చూసినా మూడు బొమ్మలు మూడు బొమ్మలుగానే ఉండేవి. నేను వడ్రంగి కూతుర్ని. రంపప్పొట్టులో పాకి, జిగురు డబ్బాలతో ఆడుకుని పెరిగినదాన్ని. నాన్న ఒక చెక్కని అలా కళ్ళకెదురుగా ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎక్కడ వంకరుందో చెప్పేస్తాడు. ఆయన కూతురికి చెక్క దిమ్మ బొమ్మ అర్థం కాలేదంటే సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే ఎవరినీ అడగలేదు. అడగడమంటే నాకు చిన్నప్పటినుంచీ మంట.

ఒక ఆదివారం మధ్యాహ్నం చిరాకెత్తిపోయి, స్నానాల గదిలోంచి కొత్త సబ్బు తెచ్చి, నాన్న పెన్సిళ్ళు చెక్కుకోవడానికని ఇచ్చిన చిన్న ఉలితో దాన్ని కోశాను. ముందు బొమ్మ ప్రకారం ముందు, పై బొమ్మ ప్రకారం పైన, పక్క బొమ్మ ప్రకారం పక్కన. కోసి బల్ల మీద పెట్టి, కొంచెం మూలకి తిప్పి చూశాను. మెట్లున్న దిమ్మ! ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించింది ఇదా అని దాన్ని పట్టుకుని గది మధ్యలో నిలబడి నవ్వాను.

ఆ రోజు నుంచి లెక్కకొక సబ్బు. మా గదిలో రెండు మంచాలు. కిటికీ పక్క మంచం ఇంకో అమ్మాయిది. పాపం మంచి పిల్లే. నేల మీద సబ్బు పొడి పడి జారుతోందని రెండుసార్లు నెమ్మదిగానే చెప్పింది. మూడోసారి నిజంగానే జారి పడింది. "ఇది గదా, చాకిరేవా?" అంది నడుం పట్టుకుని. క్షమించమనడానికి బదులు నేను ఒంటికాలి మీద లేచాను. చూసుకుని నడవాలన్నాను, కళ్ళు నెత్తి మీద ఉన్నాయా అన్నాను. వారం తిరక్కుండా ఆ పిల్ల పరుపు చుట్టుకుని పై అంతస్తులో తన స్నేహితుల గదికి వెళ్ళిపోయింది. వెళుతూ మెట్ల మీద ఎవరితోనో అన్న మాట నాకు వినిపించింది. "సబ్బుతో ఎవరుంటారే!"

అలా పేరొచ్చింది. మనిషి మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు. పరుపు లేని ఆ ఇనప మంచాన్ని నేను ఆరు నెలలు చూశాను. భోజనాల హాల్లో నా పక్క కుర్చీ ఎవరైనా లాగుతారేమోనని చూడనట్టు చూసేదాన్ని. లాగేవాళ్ళు. లాక్కుని వేరే బల్ల దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆదివారాలైతే నా నోట్లోంచి మొదటి మాట వచ్చేసరికి సాయంత్రమయ్యేది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో "ఉత్తరాలేమైనా ఉన్నాయా?" అంటే గొంతు బొంగురుగా, ఎవరిదోలా పలికేది. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళెవరూ లేరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఏదో ఒక మాట అనాలి కదా.

ఇక నాన్న ఫోను. వారానికి రెండుసార్లు.

"తిన్నావా అమ్మా?"

"తిన్నా. నువ్వో?"

"ఆఁ. చదువుకుంటున్నావా?"

"ఆఁ."

"సరే, ఉంటా మరి."

ఒక్క నిమిషం. నాన్నకి ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే మాటలు ఎగిరిపోతాయి. అమ్మ ఉన్నప్పుడు మా ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. మేమిద్దరం పక్కన కూర్చుని ఊఁ కొట్టేవాళ్ళం. ఆవిడ పోయాక ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి మాటల అవసరం రాలేదు. ఆయన చిత్రిక పడుతుంటే నేను చెక్క రెండో కొస పట్టుకునేదాన్ని, అదే మా కబుర్లు. ఇప్పుడు ఇంత దూరంలో పట్టుకోవడానికి చెక్క లేదు. ఆ నిమిషం కాస్తా అర నిమిషమవుతుందని, ఒక రోజు మా ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ మిగలదని నాకు భయంగా ఉండేది. ఒంటరితనం కంటే అదే నాకు పెద్ద భయం.

ఊసుపోక, అలవాటు కోసం, ఆదివారాల్లో మా ఇంటి ఐసోమెట్రిక్ గియ్యడం మొదలుపెట్టాను. పైకప్పు తీసేసినట్టు పైనుంచి చూస్తే ముందొక గది, వెనక వంటిల్లు, పక్కన నాన్న షాపు. గదిలో ఎడమ మూల గోడకి ఆనించి నాన్న మంచం, కాళ్ళ దగ్గర మడత పెట్టిన దుప్పటి. కుడి వైపు నా చాప, ట్రంకు పెట్టె. అన్నీ జ్ఞాపకం మీదే కొలిచి గీశాను. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిందేమిటంటే, దూరంగా ఉన్నది చిన్నదైపోదు. మామూలుగా కంటికి అవతలి గోడ ఇవతలి గోడ కంటే పొట్టిగా కనిపిస్తుంది. ఇందులో ఆ గోడా ఈ గోడా ఒకటే పొడవు. ఇల్లు ఎంత దూరంలో ఉన్నా ఇల్లంతే ఉంటుంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నాన్న తనంతట తను, మామూలు రోజు కాని రోజు, ఫోను చేశాడు.

"అమ్మా, నీకు ఖాళీ ఉందా?"

నాకు ఖాళీ తప్ప ఏముంది? "చెప్పు నాన్నా."

"ఇక్కడ డాక్టరు గారి క్లినిక్కులో మందుల బీరువా అడిగారు. ముందు తలుపులు మామూలే. ఒక పక్క గూళ్ళు కావాలట, కాంపౌండరు కుర్చీలోంచి లేవకుండా చెయ్యి పెట్టి తీసుకునేలా. ఎలా ఉంటుందో ముందు బొమ్మ చూపించమంటున్నారు. నాకు నోటితో చెప్పడం రాదు కదా. నువ్వేవో బొమ్మలు గీస్తున్నానన్నావు."

"గీస్తా. కొలతలు పంపు."

"పంపుతా. తొందరేం లేదు. నీ చదువు చూసుకునే."

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. మర్నాడు ఫోనులో ఫోటో వచ్చింది. చెక్క ముక్క మీద ముక్కు మొండి పెన్సిలుతో రెండు బొమ్మలు గీశాడు. ఒకటి బీరువా ముందు భాగం. దానికి ఎడమ పక్కన రెండోది, గూళ్ళున్న పక్క. అంకెలు తప్ప ఒక్క అక్షరం లేదు.

ఇక్కడ మా చదువులో ఉన్న ఒక తిరకాసు చెప్పాలి. మాకు నేర్పిన పద్ధతిలో, వస్తువుని ఎడమ వైపు నుంచి చూసిన బొమ్మని కాగితం మీద కుడి పక్క వెయ్యాలి. కుడి వైపు నుంచి చూసింది ఎడమ పక్క వెయ్యాలి. ఎందుకయ్యా అంటే దానికో సిద్ధాంతం ఉంది. అది నా బుర్రకెక్కడానికి మూడు సబ్బులు ఖర్చయ్యాయి. ఎక్కాక ఇక దిగలేదు. నాన్న బొమ్మ చూడగానే, ఎడమ పక్క వేశాడు కాబట్టి ఇది కుడి నుంచి చూసింది, కాబట్టి గూళ్ళు కుడి పక్క అని చకచకా గీసేశాను. నాన్న ఏ కాలేజీలోనూ ఏ సిద్ధాంతమూ చదవలేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

"గూళ్ళు ఏ పక్క నాన్నా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఇంజనీరింగు చదివేది వడ్రంగిని అడుగుతుందా? నాకు అప్పటికే కొమ్ములు మొలిచాయి. మాటకి మొహం వాచి ఉన్నదాన్ని, తీరా అడగాల్సిన మాట వచ్చినప్పుడు దాన్ని మింగేశాను.

బొమ్మ మాత్రం ముద్దొచ్చేలా కుదిరింది. తలుపులు, బందులు, కుడి పక్కన అయిదు గూళ్ళు. కనబడే గీతలన్నీ ఒకే మందంలో వచ్చాయి. ఫోటో తీసి పంపాను. రెండో రోజు ఫోను.

"డాక్టరు గారు చూశారమ్మా. చాలా బాగుందన్నారు. ఎవరు గీశారంటే మా అమ్మాయి అని చెప్పా. బొమ్మలో ఉన్నట్టే చేసెయ్యమన్నారు."

తర్వాత రెండు వారాలు నా జీవితంలో పండగే. నాన్న రోజూ ఫోను చేసేవాడు. గూడు లోతెంత, కింద పీట ఎత్తెంత, బందులు లోపలికా బయటికా? ఒక రోజు ఫోను పెట్టేశాక చూసుకుంటే పదకొండు నిమిషాలు! ఆ అంకెని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చివర్లో ఒకసారి నాన్న ఏదో అడగబోయి ఆగాడు. "గూళ్ళు నువ్వు ఆ పక్కకి వేశావు కదా..." అన్నాడు. "అవును నాన్నా, బొమ్మ చూసుకో, అంతా అందులోనే ఉంది," అన్నాను, తలపండిన ఇంజనీరులా. "సరేనమ్మా," అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం డ్రాయింగ్ హాల్లో మాస్టారు మా షీట్లు తిరిగిచ్చారు. నా షీటు మీద తప్పు గుర్తు లేదు, మార్కూ లేదు. ఆయన నా బల్ల దగ్గరే ఆగిపోయారు.

"బొమ్మ బ్రహ్మాండంగా ఉందమ్మాయ్. కానీ ఇది నేనిచ్చిన వస్తువు కాదు. అద్దంలో కనిపించే వస్తువు."

"లేదు సార్. పక్క బొమ్మ ఎడమ వైపు ఇచ్చారు. అంటే కుడి నుంచి చూసినట్టే కదా?"

"ఎవరి ఎడమ?" అన్నారాయన.

నేను షీటు మీదికి వంగాను.

"కింద చిన్న గుర్తు వేశాను, చూశావా? ఇది రెండో పద్ధతి. ఇందులో ఎడమ నుంచి చూసింది ఎడమ పక్కనే వేస్తారు. గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలుసుకోకుండా ఎడమేమిటి, కుడేమిటి? అసలు ఈ చదువు చదవనివాడెవడైనా అలాగే వేస్తాడు. ఎడమ పక్క చూసింది ఎడమ పక్కనే వేస్తాడు. తిప్పి వేసే తెలివి మనకే ఉంది." క్లాసులో నవ్వారు. ఆయన తర్వాతి బల్లకి వెళ్ళిపోయారు.

చదవనివాడెవడైనా. నా కళ్ళ ముందు చెక్క ముక్క, దాని మీద మొండి పెన్సిలు బొమ్మ, అంతే. గంట కొట్టకముందే బయటికి వచ్చి వరండాలో నిలబడి ఫోను చేశాను.

"నాన్నా, బీరువా అయిపోయిందా?"

"ఆఁ, అయిపోయిందమ్మా. మొన్ననే బిగించేశా."

"గూళ్ళు?"

"బాగున్నాయి. డాక్టరు గారు మెచ్చుకున్నారు."

"ఏ పక్క వచ్చాయి నాన్నా?"

అవతల రంపం చప్పుడు ఆగింది.

"పక్కేముందిలే, గూళ్ళు గూళ్ళే కదా. తిన్నావా?"

మళ్ళీ తిన్నావా దగ్గరికి వచ్చాం. నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకే సంగతంతా నాకు అక్కడే తెలిసిపోయింది. తెలిసీ నేను తప్పు చేశానని చెప్పలేకపోయాను. "తిన్నా," అన్నాను. ఆ తర్వాత ఫోన్లన్నీ నిమిషమే. ఆయనకి అడగడానికి కొలతలు లేవు, నాకు అడగడానికి మొహం లేదు. గీస్తున్న ఇంటి బొమ్మనే పట్టుకుని కూర్చున్నాను. తలుపు గొళ్ళెం, వంటింటి గట్టు, అమ్మ ఫోటో చట్రం దాకా గీశాను. సెలవులకి వెళ్ళి అది నాన్న చేతిలో పెట్టి, తప్పు ఒప్పుకుందామని.

పరీక్షలయ్యాక, షీటు గొట్టంలో చుట్టుకుని బస్సెక్కాను. ఏ రోజు వస్తానో చెప్పలేదు. చెబితే నాన్న పని మానుకుని బస్టాండులో నిలబడతాడు. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాను. షాపులోంచి చిత్రిక చప్పుడు వినిపిస్తోంది. ముందు సామాను దించుదామని ఇంట్లోకి వెళ్ళాను.

ఎడమ మూల బీరువా ఉంది. రెండు తలుపులు, ఎడమ పక్క గోడకి ఆనుకుని, కుడి పక్క అయిదు గూళ్ళు. నేను గీసింది గీసినట్టు, గీత తేడా లేకుండా. గూళ్ళలో నా పాత పుస్తకాలు తరగతుల వారీగా పేర్చి ఉన్నాయి. మెరుగు పెట్టిన చెక్క మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. నాన్న మంచం గదిలో లేదు.

షాపులోకి వెళ్ళాను. నన్ను చూసి నాన్న చిత్రిక కింద పెట్టాడు. జుట్టు నిండా పొట్టు. ఈ ఏడు నెలల్లోనే చెంపల దగ్గర తెల్లబడింది.

"అదేంటమ్మా, చెప్పకుండా వచ్చావు? ఫోను చేస్తే వచ్చేవాణ్ణి కదా!"

"బీరువా చూశాను," అన్నాను.

నాన్న తల దించుకున్నాడు. తప్పు తనదైనట్టు! "డాక్టరు గారికి ఇంకోటి చేసిచ్చాలే. దీన్ని తీసుకెళ్ళి పెడితే గూళ్ళు గోడకేసి చూశాయి."

"మరి చేసేటప్పుడే తెలియలేదా నాన్నా? నువ్వు గీసింది ఎడమ పక్క కదా?"

"అనుమానం వచ్చింది. కానీ నువ్వు మార్చావంటే ఏదో లెక్క ఉంటుందనుకున్నా. క్లినిక్కులో పెట్టి చూశాక కూడా, ఇంజనీరు గీసింది కదా, గోడే తప్పు పక్క కట్టారేమో అనిపించిందమ్మా." నవ్వించాలని అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"తప్పు నాదే నాన్నా. నిన్ను అడగాల్సింది. అడగలేదు."

"పోనీలే. దానికేం! మనకి పనికొచ్చింది. గోడ ఎడమ పక్కన ఉండే మూల మన ఇంట్లో అదొక్కటే. ఎలాగూ ఖాళీగానే ఉంది కదా అని..."

అని ఆగిపోయాడు. ఖాళీగా ఉండడమేమిటి? అది ఆయన మంచం మూల. అప్పుడు చూశాను. షాపు వెనక, నిలబెట్టిన చెక్కల చాటున, నాన్న మంచం. దుప్పటి మడత మీద పొట్టు. పైన మేకుకి చొక్కాలు. మంచం కాళ్ళ చుట్టూ రంపప్పొట్టు గట్టిపడి, చెక్కలా నేలకి అతుక్కుపోయి ఉంది. బీరువా చేసి రెండు నెలలు కాలేదు. పొట్టు అలా పేరుకోవాలంటే అంతకు చాలా ముందు నుంచి ఉండాలి.

"ఎప్పట్నుంచి ఇక్కడ పడుకుంటున్నావు?"

నాన్న చిత్రిక తీసి, మళ్ళీ పెట్టాడు. "నువ్వెళ్ళిన వారం నుంచి. ఇంట్లో చప్పుడే ఉండదమ్మా. ఇక్కడైతే కనీసం పనిముట్లుంటాయి."

నా చంకలో షీటు గొట్టం ఉంది. అందులో ఎడమ మూల మంచం, కాళ్ళ దగ్గర మడత పెట్టిన దుప్పటి. ఏడు నెలలు నేను హాస్టల్లో కూర్చుని ఆ మంచం మీద నాన్న పడుకున్నాడనుకుంటూ నిద్రపోయాను. అది కూడా అడగలేదు. తిన్నావా అని ఆయన అడిగాడు, నువ్వో అని నేను అడిగాను. ఎక్కడ పడుకుంటున్నావని తండ్రిని ఎవరడుగుతారు?

షీటు తీసి ఇచ్చాను. నాన్న దాన్ని పని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఉలులు పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"అమ్మ ఫోటో కూడా వేశావే," అన్నాడు. తర్వాత వేలు మంచం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పొట్టు పడిందని కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నమ్మినట్టు ఊరుకున్నాను.

"రా నాన్నా," అన్నాను. "బీరువా ఇక్కడికి తెచ్చేద్దాం. నీ పనిముట్లు పెట్టుకో. మంచం ఇంట్లో వేద్దాం."

"మళ్ళీ నువ్వు వెళ్ళిపోతావుగా?"

"వెళతాను. అయినా మంచం అక్కడే ఉండాలి. నేను అక్కడే గీశాను."

పుస్తకాలు దించి, బీరువా చెరో కొస ఎత్తాం. నేను వెనక్కి నడుస్తున్నాను, నాన్న నా ఎదురుగా. మా మధ్య బీరువా. గుమ్మం దగ్గర తట్టుకుంది.

"కొంచెం ఎడమకి నాన్నా," అన్నాను.

"నీ ఎడమా, నా ఎడమా?" అన్నాడు నాన్న.

నేను అడగాల్సిన మాట అది. ఆయన ఎంత మామూలుగా అడిగేశాడో! బరువు చేతుల్లో ఉండగానే నాకు కన్నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. బీరువా మీదుగా నాన్న మొహంలోకి చూసి, ఆయన ఎక్కడ నిలబడ్డాడో చూసుకుని చెప్పాను.

"నీ ఎడమే నాన్నా."

బీరువా గుమ్మం దాటింది.